డీఐ2, ఏఎక్స్ఎస్ గేర్ల బ్యాటరీ: ఎన్నేళ్లు వస్తుంది, దేనివల్ల చెడుతుంది, దారిలో ఆగితే ఏం చేయాలి

మీరు అడిగినవి మూడు. 105 డీఐ2 (షిమానో కంపెనీ 105 శ్రేణిలో, మోటారుతో గేర్లు మార్చే ఎలక్ట్రానిక్ సెట్టు) ఉన్న సైకిల్ కొనాలనుకుంటున్నారు, మూడేళ్లకే బ్యాటరీ పోతుందని ఎవరో భయపెట్టారు, అది నిజమేనా? 600 కిలోమీటర్ల బ్రెవే (గడువులోగా ముగించాల్సిన దూరప్రయాణ సైకిల్ రైడ్) మధ్యలో ఛార్జ్ అయిపోతే ఎలా? బ్యాటరీని చేత్తో ఊడదీసే వీలున్న స్రామ్ కంపెనీ ఏఎక్స్ఎస్ గేర్లు తీసుకోవడం మేలా? ఒక్కొక్కటిగా చెప్తాను.

ముందు ఆయుష్షు సంగతి. 12 స్పీడ్ (వెనక 12 పళ్లచక్రాలున్న) డీఐ2లో, 105 కూడా అదే, సీట్‌పోస్ట్ (సీటు కింది గొట్టం) లోపల ఉండేది బీటీ-డీఎన్300 అనే లిథియం అయాన్ బ్యాటరీ. 7.4 వోల్టులు, 500 ఎంఏహెచ్. ఒకసారి నిండితే సుమారు 1000 కిలోమీటర్లు వస్తుందని షిమానో లెక్క. వారానికి 100 కిలోమీటర్లు తొక్కేవారు పది వారాలకోసారి, అంటే ఏడాదికి ఐదుసార్లు ఛార్జ్ పెడతారు. ఈ రకం సెల్ పూర్తి ఛార్జింగ్‌లు 300 నుంచి 500 వరకు ఓర్చుకుంటుంది. తక్కువలో తక్కువ 300 అనుకున్నా, ఏడాదికి ఐదు చొప్పున అరవై ఏళ్లు. కాబట్టి తొక్కడం వల్ల ఈ బ్యాటరీ అరగదు. అయినా కొందరికి మూడేళ్లలో పోతున్న మాట నిజమే. ఎండలో పెట్టడం, నిండుగా నింపి నెలల తరబడి వదిలేయడం, పూర్తిగా ఖాళీ అయ్యాక మరచిపోవడం, ఈ మూడే దాన్ని చంపుతాయి. మూడూ మన చేతిలో ఉన్నవే.

వేడి గురించి కాస్త వివరంగా చెప్పాలి, మన దగ్గర అసలు శత్రువు అదే. లిథియం అయాన్ సెల్ వాడినా వాడకపోయినా లోపల రసాయన చర్య నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ అది వేగం పుంజుకుంటుంది. సెల్ నిండుగా ఉంటే ఇంకా ఎక్కువ. ఈ రంగంలో విరివిగా చెప్పే లెక్క ప్రకారం, 25 డిగ్రీల దగ్గర 40 శాతం ఛార్జ్‌తో ఏడాది ఉంచితే సామర్థ్యం 96 శాతం దాకా మిగులుతుంది. అదే 40 డిగ్రీల దగ్గర నిండు ఛార్జ్‌తో ఉంచితే 65 శాతమే. 60 డిగ్రీలలో నిండుగా ఉంచితే మూడు నెలలకే 60 శాతానికి పడిపోతుంది. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అద్దాలు బిగించి ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు. ఆదివారం తొక్కడానికి శనివారమే నిండా ఛార్జ్ పెట్టి, సైకిల్‌ను కారు డిక్కీలో వదిలేసే అలవాటు ఉంటే మానుకోండి. బాల్కనీలో పడమటి ఎండ తగిలేచోట నిలబెట్టడం కూడా అంతే. షిమానో ఇచ్చిన హద్దులు గుర్తుంచుకోండి: ఛార్జ్ చేసేటప్పుడు 0 నుంచి 45 డిగ్రీలు, వాడేటప్పుడు మైనస్ 10 నుంచి 50 డిగ్రీలు. ఎండలో తొక్కి వచ్చిన వెంటనే ప్లగ్ పెట్టకుండా ఓ గంట నీడలో చల్లారనివ్వండి.

చికాగో, టొరంటో వైపు ఉండేవారికి చిక్కు ఇంకో కొసన ఉంటుంది. చలిలో సామర్థ్యం తగ్గినట్టు కనిపించినా వెచ్చబడగానే తిరిగొస్తుంది, దానికి కంగారు అక్కర్లేదు. కానీ సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే లోపలి ఎలక్ట్రోడ్ మీద లిథియం లోహం పేరుకుంటుంది, ఆ నష్టం మళ్లీ పూడదు. గరాజ్‌లో సైకిల్ ఉంటే ఇంట్లోకి తెచ్చి, వెచ్చబడ్డాక ప్లగ్ పెట్టండి.

ఖాళీ అయ్యాక వదిలేయడం ఇంకా ప్రమాదం. బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్ ఒక స్థాయి దగ్గర సరఫరా ఆపేస్తుంది గానీ, ఆ తర్వాత కూడా సెల్ తనంతట తాను కొద్దికొద్దిగా దిగిపోతూనే ఉంటుంది. వోల్టేజ్ మరీ అడుగంటితే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. ఆ తర్వాత ఛార్జర్ దాన్ని గుర్తించదు. గుర్తించినా ఆ సెల్‌ను నమ్మి వాడకూడదు. వానాకాలం నాలుగు నెలలూ సైకిల్ ఎక్కనివారు సగం ఛార్జ్‌లో, ఇంట్లో చల్లటిచోట ఉంచి, రెండు నెలలకోసారి రియర్ డీరెయిలర్ (వెనక చైన్‌ను ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) మీది బటన్ నొక్కి లైటు చూసుకుంటే చాలు. సగం కన్నా కిందికి వస్తే అరగంట ఛార్జ్ పెట్టండి, మళ్లీ నింపేయకండి.

కొందరి సైకిల్ మూలన ఊరికే ఉండి కూడా రెండు వారాల్లో ఖాళీ అవుతుంది. దీనికి బ్యాటరీని తిట్టే ముందు షిఫ్టర్ (హ్యాండిల్ మీద గేర్లు మార్చే లివర్) బటన్లు చూడండి. గోడకు ఆనించినప్పుడో, కారు ర్యాక్ బెల్టు కింద పడినప్పుడో, బ్యాగులో చక్రం ఒత్తుకున్నప్పుడో ఏదో ఒక బటన్ నొక్కుడుపడి అలాగే ఉండిపోతుంది. అది వదిలేదాకా సిస్టమ్ నిద్రపోదు. స్రామ్‌లో అదనంగా ఇంకొకటి ఉంది. దాని డీరెయిలర్ కదలికను పసిగట్టి మేల్కొంటుంది కాబట్టి కారు వెనక కట్టి తీసుకెళ్తే దారి పొడుగునా మెలకువగానే ఉంటుంది. రవాణాలో బ్యాటరీలు తీసేసి, వాటికీ డీరెయిలర్ కాంటాక్టులకూ ఇచ్చిన ప్లాస్టిక్ మూతలు పెట్టండి. కాంపాగ్నోలో కంపెనీ పాత ఈపీఎస్ ఎలక్ట్రానిక్ గేర్లు వాడేవారికి దీనికోసమే అయస్కాంతం పట్టీ ఇచ్చారు. అది పెడితే పవర్ యూనిట్ పూర్తిగా ఆగుతుంది.

బటన్లన్నీ బాగున్నా ఛార్జ్ దిగుతుంటే ఇలా తేల్చండి. నిండా ఛార్జ్ చేసి, రెండు వారాలు తొక్కకుండా ఉంచి, షిమానో వాళ్ల ఈ-ట్యూబ్ ప్రాజెక్ట్ సైక్లిస్ట్ యాప్‌లో శాతం రాసుకోండి. మళ్లీ నింపి, ఈసారి సీట్‌పోస్ట్ పైకి తీసి, బ్యాటరీ నుంచి వైర్లు విడదీసి మరో రెండు వారాలు ఉంచండి. విడదీసినప్పుడు ఛార్జ్ నిలబడితే బ్యాటరీ మంచిదే, సైకిల్‌లోని ఏదో భాగం తాగేస్తోంది. విడదీసినా దిగితే బ్యాటరీయే పోయింది. ఈ పరీక్ష చేయకుండా కొత్త బ్యాటరీ కొని, అదే బాధ మళ్లీ పడేవాళ్లు చాలామంది.

తొక్కేటప్పుడు మామూలు కన్నా త్వరగా అయిపోతుంటే మాత్రం చూడాల్సింది అడ్జస్ట్‌మెంట్. రియర్ డీరెయిలర్‌కు 'లో-లిమిట్' స్క్రూ (పెద్ద పళ్లచక్రం వైపు డీరెయిలర్ ఎంతవరకు పోవచ్చో ఆపేది) మరీ బిగించారనుకోండి. పెద్ద పళ్లచక్రం మీదికి చైన్ ఎక్కించమని మీరు నొక్కుతారు, మోటారు తోస్తుంది, స్క్రూ అడ్డుపడుతుంది. మోటారు కాసేపు గింజుకుని, కొన్ని సెకన్ల తర్వాత చైన్ వెనక్కి చిన్న చక్రం మీదికి దిగిపోతుంది. ఘాట్ ఎక్కేటప్పుడు ఆఖరి గేరు 'నిలబడటం లేదు' అనేవారిలో చాలామంది బాధ ఇదే. మోటారు మీద ఆ భారం పడినంతసేపూ బ్యాటరీ కరుగుతుంటుంది. సైకిల్ స్టాండ్ మీద పెట్టి, పెద్ద చక్రం మీదికి వేసి, స్క్రూ డీరెయిలర్ లోపలి లింకును తాకీ తాకనట్టు ఉండేదాకా వదులు చేయాలి. ఫ్రంట్ డీరెయిలర్ సంగతికొస్తే, దాని మోటారు ఒక్కో షిఫ్ట్‌కు వెనకదానికన్నా ఎక్కువే తాగుతుంది. శ్రీశైలం, అరకు లాంటి ఎక్కుడుదిగుడు దారుల్లో ముందు చైన్‌రింగ్ (పెడల్ దగ్గరి పళ్లచక్రం) మాటిమాటికీ మార్చేవారికి 1000 కిలోమీటర్లు రావు, అది లోపం కాదు. సెమీ సింక్రో అనే సెట్టింగ్ పెట్టుకుంటే ముందు ఒకటి మార్చినప్పుడల్లా వెనక కూడా ఒకటి రెండు గేర్లు కదులుతాయి. ఆ ఖర్చూ కలుస్తుంది.

బటన్ సెల్స్ దగ్గరికి వద్దాం. దారిలో గేర్లు పనిచేయడం లేదంటే పెద్ద బ్యాటరీ కన్నా ముందు వీటినే అనుమానించాలి. 12 స్పీడ్ డీఐ2 షిఫ్టర్లకు వైరు ఉండదు, సీఆర్1632 సెల్ మీద నడుస్తాయి. షిమానో పై శ్రేణి డ్యూరా-ఏస్ షిఫ్టర్లలో ఏడాదిన్నర నుంచి రెండేళ్లు వస్తుందని షిమానో చెప్తుంది, 105లో అంతకన్నా ఎక్కువే. స్రామ్‌లో సీఆర్2032, సుమారు రెండేళ్లు. పెద్ద బ్యాటరీ శాతం గార్మిన్, వాహూ సైకిల్ మీటర్ల మీద రోజూ కనిపిస్తుంది కాబట్టి అందరికీ గుర్తుంటుంది. సెల్‌ను పట్టించుకునేవారుండరు. మల్టీమీటర్‌తో చూసి 'మూడు వోల్టులు ఉంది, బాగానే ఉంది' అనుకోవడం కూడా మోసమే. ఈ లిథియం సెల్ తన జీవితంలో అత్యధిక భాగం మూడు వోల్టుల దగ్గరే చూపిస్తుంది, చివర్లో ఒక్కసారిగా జారిపోతుంది. చలి తెల్లవారుజామున రేడియో పని చేయబోయేసరికి వోల్టేజ్ కుంగి, సిగ్నల్ వెళ్లదు. ఎండెక్కాక మళ్లీ మామూలే. అందుకని కొలవడం కన్నా తేదీ పెట్టుకుని మార్చేయడం మంచిది. ఏటా బ్రెవే సీజన్ మొదలయ్యే ముందు రెండు షిఫ్టర్లలోనూ ఒకేసారి మార్చండి.

మార్చేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. హుడ్ రబ్బరు (షిఫ్టర్ మీది తొడుగు) మడిచి మూత తీసినప్పుడు లోపల సన్నటి రబ్బరు సీల్ ఉంటుంది. అది మెలిపడకుండా గాడిలో కూర్చుంటేనే చెమట, వాన లోపలికి పోవు. సెల్‌ను అంచులు పట్టుకుని పెట్టండి, వేళ్ల జిడ్డు రెండు ముఖాలకూ అంటకూడదు. చిన్న స్క్రూల తలలు మెత్తగా ఉంటాయి, సైజు సరిపోయిన స్క్రూడ్రైవర్ లేకపోతే ముట్టుకోకండి. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చేదు పూత పూసిన సెల్స్ కొన్ని కంపెనీలు అమ్ముతున్నాయి. ఆ పూత వల్ల కొన్ని పరికరాల్లో కాంటాక్ట్ సరిగా అందదు. కొత్త సెల్ వేసినా లివర్ పలకకపోతే పూత లేనిది వేసి చూడండి. ఛార్జ్ చేసుకునే ఎల్ఐఆర్2032 మాత్రం అసలు వద్దు. కొలత ఒకటే కదా అని వేస్తారు, కానీ అది నిండినప్పుడు 4.2 వోల్టులు ఇస్తుంది. 3 వోల్టులకు తయారైన షిఫ్టర్ బోర్డుకు అది తట్టుకునే లెక్క కాదు. తీసిన పాత సెల్‌ను బల్ల మీద వదిలేయొద్దు. చిన్నపిల్లలు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాలిన పుండ్లు పడతాయి. రెండు ముఖాలకూ టేపు చుట్టి, ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇవ్వండి.

తరువాతి దోషి కనెక్టర్. సీట్‌పోస్ట్ ఎత్తు మార్చినప్పుడో, సైకిల్ ప్యాక్ చేసినప్పుడో పోస్ట్‌ను బయటికి లాగితే వైరు బిగుసుకుని, బ్యాటరీ కొసన ఉన్న ప్లగ్ ఒక మిల్లీమీటరు వెనక్కి వస్తుంది. చూడ్డానికి పెట్టినట్టే ఉంటుంది. నున్నటి రోడ్డు మీద పనిచేస్తుంది, గతుకుల్లో గేరు మారదు, మళ్లీ మారుతుంది. ఇలా వచ్చిపోయే జబ్బు కనబడితే బ్యాటరీ కొనకండి, ప్లగ్ చూడండి. 12 స్పీడ్ వైర్లకు టీఎల్-ఈడబ్ల్యూ300, 11 స్పీడ్ వాటికి టీఎల్-ఈడబ్ల్యూ02 అనే చిన్న ప్లాస్టిక్ పనిముట్టు వస్తుంది. దానితో నెడితే 'టక్' మని చేతికి తెలుస్తుంది. ఆ టక్ రాకపోతే అది ఎక్కనట్టే. వైరును పట్టుకుని ఎప్పుడూ లాగకూడదు. వాడని పోర్టులో డమ్మీ ప్లగ్ (రంధ్రాన్ని మూసే బిరడా) ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. అది లేకపోతే సీట్‌పోస్ట్ చీలికలోంచి దిగిన వాననీరు నేరుగా అందులోకి చేరుతుంది. సర్వీసింగ్ పేరుతో ప్రెషర్ వాషర్ గొట్టం డీరెయిలర్ల మీదికి తిప్పనివ్వొద్దు. విశాఖ బీచ్ రోడ్డులో రోజూ తొక్కేవారు, ఇంట్లో ట్రెయినర్ మీద చెమటోడ్చేవారు నెలకోసారి పైపైన తుడిచే పని పెట్టుకోండి, ఉప్పు కాంటాక్టులను తినేస్తుంది. స్రామ్ బ్యాటరీ కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదిపుల్లతో తుడవండి. ఉప్పుకాగితం పెట్టి రుద్దితే పై పూత పోయి ఇంకా త్వరగా తుప్పు పడుతుంది.

ఇక 600 బ్రెవే. గడువు 40 గంటలు, నిండు ఛార్జ్‌కు వచ్చే దూరం దాదాపు 1000 కిలోమీటర్లు. కొత్త బ్యాటరీ అయితే మధ్యలో ఛార్జ్ అవసరం లేదు. ముందురోజు రాత్రి నింపండి, వారం ముందు కాదు. గోడ ప్లగ్‌కు పెట్టే ఫోన్ అడాప్టర్‌తో గంటన్నర, ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి మూడు గంటల లెక్క వేసుకోండి. రియర్ డీరెయిలర్ పోర్టు రబ్బరు మూత తెరిచే ముందు మట్టి, తడి తుడవండి. ఛార్జ్ అయ్యాక మూత పూర్తిగా నొక్కండి. ఈడబ్ల్యూ-ఈసీ300 కేబుల్‌ను ఫ్రేమ్ బ్యాగులో వేసుకోవడం మరవకండి. అది షిమానో సొంత కొస ఉన్న కేబుల్, ఊళ్లో మొబైల్ షాపులో దొరకదు. పవర్ బ్యాంకుతో ముందే ఒకసారి ఇంట్లో పరీక్షించండి. కొన్ని పవర్ బ్యాంకులు తక్కువ కరెంటు లాగే పరికరాన్ని 'ఏమీ లేదు' అనుకుని కొద్దిసేపటికే ఆపేస్తాయి. కంట్రోల్ (బ్రెవే దారిలో హాజరు వేయించుకునే చోటు) దగ్గర అన్నం తినే అరగంట పెట్టినా మిగతా దారికి సరిపోయేంత ఎక్కుతుంది. రెండు కొత్త సీఆర్1632లు కూడా ప్యాకెట్ విప్పకుండా ఉంచుకోండి. బరువు గ్రాముల్లో ఉంటుంది.

అయినా దారిలో ఆగిందనుకుందాం. లక్షణాన్ని బట్టి కారణం దాదాపు అక్కడే చెప్పేయవచ్చు. ముందు గేర్లు మారక వెనకవి మారుతూ, డీరెయిలర్ లైటు ఎరుపులో ఉంటే ఛార్జ్ అడుగంటింది. మిగిలిన కాస్త శక్తిని వెనక్కి దాచడానికి షిమానో ముందుదాన్ని మొదట ఆపుతుంది. అందుకే లైటు ఎరుపులోకి వచ్చిందని తెలిసిన వెంటనే ముందు చిన్న చైన్‌రింగ్‌కి దించేయండి. పెద్దదాని మీద ఇరుక్కుపోతే ఘాట్‌లో నడవాల్సి వస్తుంది. వెనకది కూడా ఆగేలోపు క్యాసెట్ (వెనక పళ్లచక్రాల వరస) మధ్యకు తెచ్చి వదిలేయండి, ఆ ఒక్క గేరుతో చదును రోడ్డు మీద ఊరు చేరవచ్చు.

లైటు పచ్చగానే ఉండి, రెండు షిఫ్టర్లలో ఒకటి మాత్రమే పలకకపోతే ఆ వైపు బటన్ సెల్. స్పేర్ లేకపోతే ఈ-ట్యూబ్ యాప్‌లో బతికున్న లివర్ బటన్లకు వెనక గేర్లు కేటాయించుకోవచ్చు. స్రామ్‌లోనైతే కుడి లివర్ బరువు గేరుకు, ఎడమది తేలిక గేరుకు. ఎడమది చచ్చిందంటే ఎక్కుడులో చిక్కే. ఎడమదానిలో కుడి సెల్ వేసి ఎక్కండి. పడిపోయాక వెనక గేర్లు మారకపోతే అది బ్యాటరీ కానే కాదు. దెబ్బ తగిలినప్పుడు మోటారును కాపాడటానికి డీరెయిలర్ లింకు విడిపోతుంది. 11 స్పీడ్‌లో జంక్షన్ బాక్స్ (వైర్లు కలిసే చిన్న డబ్బా) బటన్‌ను ఎర్ర లైటు వెలిగేదాకా ఐదు సెకన్లకు పైగా నొక్కిపట్టి, తర్వాత పెడల్ తిప్పుతూ గేర్లు మార్చితే మళ్లీ అతుక్కుంటుంది. 12 స్పీడ్‌లో జంక్షన్ బాక్స్ లేదు, బటన్ డీరెయిలర్ మీదే ఉంటుంది. మీ మోడల్ మాన్యువల్లో ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. ఏ లైటూ వెలగక, ఏదీ కదలకపోతే ముందు పవర్ బ్యాంకు తగిలించి చూడండి. అప్పుడూ స్పందన లేకపోతే సీట్‌పోస్ట్ లోపలి ప్లగ్.

స్రామ్ సంగతి. 2015లో ఈట్యాప్ (ఏఎక్స్ఎస్‌కు ముందు తరం) వచ్చినప్పటి నుంచీ వాళ్లది ఒకటే పద్ధతి, ప్రతి డీరెయిలర్‌కు దాని సొంత బ్యాటరీ. 7.4 వోల్టులు, 300 ఎంఏహెచ్, గంటలో నిండుతుంది. రోడ్డు గ్రూప్‌సెట్లలో సుమారు 60 గంటలు, మౌంటెన్ బైక్ ఈగిల్‌లో 20 గంటల చొప్పున చెప్తారు. ముందు, వెనక ఒకే బ్యాటరీ కాబట్టి వెనకది అయిపోతే ముందుదాన్ని తీసి వెనక పెట్టుకుని ఇల్లు చేరవచ్చు. ఈ ఒక్క సౌకర్యానికే దూరప్రయాణాలు చేసేవారు స్రామ్‌ను ఇష్టపడతారు, వాళ్లు చెప్పేది సబబే. పాత ఈట్యాప్‌లో లైటు పచ్చగా ఉంటే 15 గంటల పైన, ఎర్రగా ఉంటే 5 నుంచి 15, ఎరుపు మినుకుమంటే 5 లోపు అని అర్థం. ఇబ్బందల్లా మతిమరుపే. ఛార్జర్‌లో పెట్టి సైకిల్ మాత్రం తీసుకెళ్లేవారు ఉంటారు. డీఐ2లో బ్యాటరీని మరచిపోయే అవకాశమే లేదు. లాచ్ పూర్తిగా మూసుకోకపోతే రాళ్ల దారిలో బ్యాటరీ ఊడిపడుతుంది కూడా. పెట్టాక వేలితో ఒకసారి కదిపి చూడండి.

నా అభిప్రాయం అడిగితే, ఏడాదికి నాలుగైదు బ్రెవేలు, మిగతా రోజుల్లో ఊరి చుట్టూ తొక్కేవారికి 105 డీఐ2 నిక్షేపంలా సరిపోతుంది. విమానంలో తరచూ తీసుకెళ్లేవారికి స్రామ్ సులువు. స్రామ్ బ్యాటరీ 2.2, డీఐ2ది 3.7 వాట్ అవర్లు, విమానాల హద్దు 100. రెండూ దాని దరిదాపుల్లో కూడా లేవు. కానీ విడిగా ఉన్న లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ సామానులో వేయకూడదు, మూతలు పెట్టి చేతిసంచీలోనే తీసుకెళ్లాలి. డీఐ2ది ఫ్రేమ్‌లో ఉండిపోతుంది కాబట్టి బ్యాగులో ఏ బటనూ నొక్కుడు పడకుండా లివర్ల చుట్టూ ఫోమ్ కట్టి సర్దండి.

సెకండ్ హ్యాండ్ 11 స్పీడ్ డీఐ2 వైపు మొగ్గితే ఒక జాగ్రత్త. వాటిలో ఉండే ఎస్ఎం-బీటీఆర్2, బీటీ-డీఎన్110 బ్యాటరీలకు ఇప్పటికే వయసు మళ్లింది. బేరం కుదరకముందే నిండా ఛార్జ్ చేయించి, జంక్షన్ బాక్స్ లైటు చూడండి. పచ్చ నిలకడగా ఉంటే నిండుగా ఉన్నట్టు, పచ్చ ఐదుసార్లు మినుకుమంటే సగం, ఎరుపు నిలకడైతే పావు, ఎరుపు మినుకుమంటే దాదాపు ఖాళీ. నిండిన మర్నాడే పచ్చ మినుకుమంటుంటే బ్యాటరీ ఖరీదు తగ్గించి అడగండి. కొత్త బీటీ-డీఎన్300ని నేరుగా అందులో పెట్టలేరు. 11 స్పీడ్ వైరు లావు, 12 స్పీడ్ వైరు సన్నం, ప్లగ్‌లు వేరు. ఈడబ్ల్యూ-ఏడీ305 అనే అడాప్టర్ కావాలి. ఆన్‌లైన్‌లో సగం ధరకు దొరికే పేరులేని బ్యాటరీల జోలికి వెళ్లకండి. రక్షణ సర్క్యూట్ ఎలాంటిదో బయటికి తెలియదు, అది మీరు కూర్చునే సీటు కిందే ఉంటుంది. పాత డొల్ల విప్పి కొత్త సెల్స్ టంకం వేయించడమూ అంతే. ఛార్జ్ చేస్తున్నప్పుడు సీట్‌పోస్ట్ చేతికి వేడిగా తగిలినా, పోస్ట్‌లోంచి బ్యాటరీ బయటికి రానంత ఉబ్బినా, ప్లగ్ తీసేసి, సైకిల్‌ను ఇంటి బయట మంట అంటుకునేవేవీ లేనిచోట నిలిపి, షాపువాళ్లతోనే తీయించండి.